సీటు మీది కవరు

గ్రీజు కోసమే అయ్యుండవచ్చు. గ్రీజు కోసం కాకపోతే ఇంకెందుకు? ఆ సీటు తోలుది, మీగడ రంగుది. మెకానిక్ ప్యాంటు ఒక్కసారి తగిలిందంటే ఆ మరక ఏ సబ్బుకూ లొంగదు. కారు కొన్నవాడికి ఆ మాత్రం జాగ్రత్త ఉండదా? కవరు వేయమంటాడు, వేస్తారు. ఇందులో మనసుకు తీసుకోవాల్సిందేముంది. అయితే మొన్న ఆదివారం తను చర్చి నుంచి షెడ్డు మీదుగా వస్తున్నాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు. "జర బండిని నీడకు జరుపు జయపాలూ" అని తిరుపతయ్య తాళాలు విసిరాడు. అప్పుడూ సీటు మీద ప్లాస్టిక్ కవరుంది. తీసి కూర్చోవచ్చు. ఎవరూ వద్దనలేదు. తను తీయలేదు, కవరు మీదే కూర్చున్నాడు. కింద అది కరకరలాడింది. ఎందుకు తీయలేదు? ఆదివారం చొక్కాకు గ్రీజు ఎక్కడిది?

జయపాల్ గుంతలో నిలబడి, తల వెనక్కి వాల్చి, కారు కడుపు కింద గేరుబాక్సు చివరి బోల్టు విప్పుతున్నాడు. వనపర్తిలో పెబ్బేరు రోడ్డు మీద తిరుపతయ్య షెడ్డు అది. రేకుల కప్పు, పక్కనే స్పేరు పార్టుల కౌంటరు. సిమెంటు గుంత పైన ఈ కారు ఆదివారం నుంచి ఆగి ఉంది. అయిజలో పత్తి విత్తనాలు పండించే పెద్ద రైతు దశరథం హైదరాబాదులో ఎవరి దగ్గరో పాతది కొన్న విదేశీ కారు. ఆరు సిలిండర్ల పెట్రోలు బండి.

బోల్టు వదిలింది. జాకీని మెల్లగా దించితే గేరుబాక్సు బరువు చేతుల్లోకి వచ్చింది. పసిబిడ్డ తలకు చేయి ఆనించినట్టు ఆనించి, దాన్ని పక్కకు జరిపి, లోపలికి లైటు పెట్టి చూశాడు.

ఇటువంటి ఇంజన్ల మీద అతను చాలా ఏళ్ల కిందట, షెడ్డు పని మధ్యలో ఒక ఏడాది, హైదరాబాదులో పనిచేశాడు. మళ్లీ చేతికి వస్తుందనుకోలేదు. ఆరు సిలిండర్లను ఒకే వరుసలో నిలబెడితే ఇంజను పొడుగవుతుంది, ముందు చక్రాల మధ్య అడ్డంగా పట్టదు. మూడేసి చొప్పున రెండు పాయలుగా విడదీస్తే వెడల్పవుతుంది. రెండు పాయలకు పైన రెండు మూతలు, అంటే హెడ్లు, రెండింతల సామాను. దీన్ని తయారుచేసినవాళ్లు ఆ రెండూ వద్దనుకున్నారు. రెండు పాయలనూ దగ్గరకు నొక్కి, ఒకదాని సందుల్లోకి మరొకదాన్ని జరిపారు, షేర్ ఆటోలో ఎదురెదురుగా ఇరుక్కున్నవాళ్ల మోకాళ్లలాగా. ఆరింటికీ కలిపి పైన ఒకటే మూత. బయటినుంచి చూస్తే అంతా ఒక్కటే. లోపల మాత్రం ఒకటి ఇటు వాలి ఉంటుంది, ఇంకొకటి అటు. ఆ వాలుకు సరిపోయేలా పిస్టన్ల తలలను కూడా ఏటవాలుగా కోశారు.

ఇలా మిగుల్చుకున్న జాగాకు ఇంకోచోట మూల్యం చెల్లించాలి. మామూలు బండికి టైమింగు చైను ముందువైపు, చేతికి అందేచోట ఉంటుంది. దీనికి వెనక, గేరుబాక్సు చాటున ఉంది. చైను చూడాలంటే గేరుబాక్సు దించాల్సిందే. బండి మోత చేస్తోందని మొదట గద్వాల వైపు ఎక్కడో చూపించారట. మోత గేరుబాక్సు దగ్గర వస్తోందని గేరుబాక్సు విప్పి బేరింగులు మార్చి పంపారు. మోత మాత్రం చైనుది. దాని ముందుదాకా వెళ్లి కూడా చైను మీది మూత తీయలేదు.

జయపాల్ మూత తీశాడు. చైను మెత్తగా వేలాడుతోంది. చైను నడవడానికి దారి చూపే ప్లాస్టిక్ గైడు విరిగి, టీలో నానిన బిస్కెట్టులా ముక్కలైంది. నూనె మార్చాల్సినప్పుడు మార్చకపోతే ఇంతే. ఎండిన ప్లాస్టిక్ పగిలిపోతుంది, చైను సడలుతుంది, ఒక్క పన్ను జారినా వాల్వులు పిస్టన్లకు కొట్టుకొని ఇంజను చస్తుంది.

"అన్నా, గిటు రా జర" అని పిలిచాడు.

తిరుపతయ్య వచ్చి గుంత అంచున గొంతుక్కూర్చున్నాడు. అరవై దాటినవాడు. షుగరు వచ్చినప్పటి నుంచి స్పానరు పట్టడం తగ్గించి తెల్ల చొక్కాలు వేస్తున్నాడు. జయపాల్‌ను ఇరవై ఏళ్లలో కోపంగా ఒక మాట అన్నవాడు కాదు. జయపాల్ భార్య ఎస్తేరుకు కామెర్లు వచ్చినప్పుడు దవాఖానకు తన బండి మీదే తీసుకుపోయాడు.

"గైడు ముక్కలైంది చూడన్నా. చైను పన్ను జారలేదు, అదృష్టం" అంటూ జయపాల్ ముక్కలను అరచేతిలో పెట్టి పైకి చాచాడు.

తిరుపతయ్య చేయి చాచలేదు. "గట్టు మీద పెట్టు" అన్నాడు.

జయపాల్ గట్టు మీద పెట్టాడు. తిరుపతయ్య అక్కడినుంచి తీసుకొని, వెలుతురుకు తిప్పి చూసి, "అరెరె, గింత ఘోరమా" అన్నాడు. అతని వేళ్లకు నల్లటి నూనె అంటింది. ప్యాంటు జేబులోంచి గుడ్డ తీసి తుడుచుకున్నాడు.

గ్రీజు కోసం కాదన్నమాట, అనుకున్నాడు జయపాల్. గట్టు మీదినుంచి తీసుకున్నా అంటేదేగా. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. నడుం నొప్పివాడు, గుంతలోకి వంగలేడు, అందుకే గట్టు మీద పెట్టమన్నాడేమో. అది కూడా నిజమే అయ్యుండవచ్చు. ఈ షెడ్డులో ప్రతిదానికీ ఇలాగే రెండు కారణాలుంటాయి. మొదట్లో టీకి గాజుగ్లాసులు ఉండేవి, తన గ్లాసు మీద ఎర్ర రంగు చుక్క ఉండేది. కలిసిపోకుండా గుర్తు అన్నారు. తర్వాత అందరికీ కాగితపు కప్పులొచ్చాయి. ఎర్ర చుక్క సంగతి తేలకుండానే ఆ రెండు కారణాలూ ఒకేసారి చెత్తబుట్టలోకి పోయాయి.

"దీని సంగతి నాకేం తెల్వదు జయపాలూ" అన్నాడు తిరుపతయ్య లేస్తూ. "సోమారమే చెప్పిన గదా. నువ్వే ఇప్పినవ్, నువ్వే ముయ్యాలె. తాళం గూడ నువ్వే తిప్పు."

జయపాల్ తల వంచుకొని జాకీ పిడి తుడిచాడు. ఆ మాట మళ్లీ అంటాడా అని సోమవారం నుంచీ ఎదురుచూస్తున్నాడు.

షెడ్లలో అదొక కట్టడి. ఇంజను పూర్తిగా విప్పి బిగించినప్పుడు, కొబ్బరికాయ కొట్టాక మొదటి తాళం తిప్పాల్సింది దాన్ని బిగించినవాడే. ఇంజను మొదటి ఊపిరి బిగించిన చేతికే తెలియాలంటారు. ఈ షెడ్డులో ఇన్నేళ్లూ ఆ తాళం తిరుపతయ్యదే. గురువు ఆయన, షెడ్డు ఆయనది, సగం బోల్టులైనా ఆయన ముట్టేవాడు. దానికి జయపాల్ ఎన్నడూ బాధపడలేదు. బాధపడలేదనే అనుకున్నాడు. సోమవారం ఆ మాట విన్నాకే, ఇన్నేళ్లుగా తాళం తిరిగే క్షణంలో తను ప్రతిసారీ ఎక్కడో అక్కడ ఏదో ఒకటి తుడుస్తూ నిలబడేవాడని గుర్తొచ్చింది.

బుధవారం దశరథం వచ్చాడు. లావుపాటి మనిషి, పంచెకట్టు, రెండు ఫోన్లు. ఒకటి చెవి దగ్గర పెట్టుకునే షెడ్డులోకి నడిచాడు. అవతలి కన్నడమాయనతో "సాకు సాకు, ఇగ చాలు, రేపు మాట్లాడుదం" అని ముగించి, పై గైడు మార్చడానికి విప్పి బల్ల మీద బోర్లించిన ఇంజను మూత వైపు చూశాడు. హెడ్డులో నీళ్లు తిరిగే సందులు సున్నం కొట్టినట్టు తెల్లగా పూడి ఉన్నాయి. వెనకవైపు ప్లాస్టిక్ నీళ్ల పైపు నిలువునా చీలింది.

"రేడియేటర్ల ఏం పోస్తున్నరు సార్?" అని అడిగాడు జయపాల్.

"ఏం పోస్తరు? నీళ్లు. తోట కాడి బోరువి."

"దీనికి బోరు నీళ్లు పొయ్యద్దు సార్. కూలెంటు పొయ్యాలె. ఆరింటికి ఒకటే మూత, సందులు ఇరుకు. ఊకె పూడిపోతది."

"మా పనోళ్లు తాగేయే అవి. మనుషులు తాగంగ లేంది బండి తాగదా?"

"మనుషుల పండ్లు చూడుర్రి సార్, పచ్చగ గారపట్టి ఎట్లయినయో. లోపల గూడ గట్లనే అయింది."

దశరథం ఒక క్షణం అతని వంక చూసి, పెద్దగా నవ్వాడు. "నీ నోరు మంచిగుంది గని, పని గూడ గట్లనే ఉంటదా? శుక్రారం పొద్దుగాల మంచిగున్నదట. రాహుకాలం పడకముందే బండి షెడ్డు దాటాలె. శనారం శ్రీశైలం పోతున్నం ఇంటిల్లిపాది."

"అయితది సార్" అన్నాడు తిరుపతయ్య, జయపాల్ కంటే ముందు. "మా జయపాల్ పట్టిండంటే అయినట్టే."

మా జయపాల్. ఆ మాట చెవిలో తియ్యగా కాసేపు నిలిచింది. దశరథం వెళ్లిపోతూ కారులోంచి ఏదో కాగితం తీసుకోవడానికి ముందు తలుపు తెరిచి, సీటు మీద కవరును పక్కకు నెట్టి, మోకాలు ఆనించి వంగాడు. తీసుకున్నాడు. కవరు అలాగే నలిగి ఉంది. అతను వెళ్లగానే తిరుపతయ్య వచ్చి, ఆ కవరును రెండు చేతులతో సాపు చేసి, అంచులు సీటు కిందికి దోపాడు. పక్క పరిచినంత శ్రద్ధగా. జయపాల్ హెడ్డు సందుల్లోంచి సున్నం గీరుతూ అది చూశాడు.

ఈ దశరథం మనసులో ఏముంది? నవ్వుతాడు, నోరు మంచిదంటాడు, సీటు మీద మాత్రం కవరు వేయిస్తాడు. ఇట్లాంటివాళ్లను చూస్తూనే ఉన్నాడు. పోయినేడు పాన్‌గల్ కాంట్రాక్టరు, అంతకుముందు నాగర్‌కర్నూల్ డాక్టరమ్మ, కొల్లాపూర్ మామిడి తోటలాయన. ఎవరూ తన మొహం మీద ఏమీ అనలేదు. అందరికీ సీట్ల మీద కవర్లున్నాయి. జయపాల్ వాళ్లందరినీ మనసులో వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ చెప్పాల్సిన మాట చెప్పుకుంటూ సున్నం గీరాడు. గీరినకొద్దీ చేతికి బలం వచ్చింది. పొద్దు వాలేసరికి సందులన్నీ శుభ్రమయ్యాయి.

ఇంటికి వచ్చేసరికి ఎస్తేరు వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. హాస్టల్లో వంట పని ఆమెది. జయపాల్ అరుగు మీద కూర్చోబోతుంటే, తల ఎత్తకుండానే గోనెసంచి అతని వైపు తోసింది. అతను ఆగి ఆ సంచీని చూశాడు.

"నువ్వు గూడ ఏస్తున్నవా?"

"ఏంది?"

"కవరు."

ఎస్తేరు చేయి ఆపి అతని మొహంలోకి చూసింది. "అలికిన అరుగు. నీ ప్యాంటు ఉతికేటిది నేను. సబ్బు సగం దానికే పోతది. గోనెసంచి మీద గాక పట్టుపరుపు మీద కూసోబెట్టాల్నా?"

అతను సంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి నవ్వొచ్చింది. ఆమె వేసిన సంచీకి ఒకటే కారణం ఉంది. అది ఆమె నోటితోనే చెప్పింది. తేడా అంతే.

"శుక్రారం తాళం నేనే తిప్పుతున్న" అన్నాడు.

"తిప్పితే ఏమొస్తది?"

"ఏం రాదు."

"మరి గంత మెల్లగ ఎందుకు చెప్తున్నవ్, ఎవలన్న వింటరన్నట్టు?" చింతపండు చేతులు చెంగుకు తుడుచుకొని, "నీలి చొక్కా ఇస్త్రీ చేసి పెడత తియ్యి" అంది. లోపలికి పోతూ మళ్లీ ఆగింది. "ఆయన మాటిచ్చిండా, ఊకె అన్నడా?"

"రెండుసార్లు అన్నడు."

"రెండుసార్లు అన్నడంటే అడగకుంటనే అన్నట్టా, నువ్వు గుర్తుచేసినవా?"

ఎస్తేరుకు జవాబులు అక్కర్లేదు, ప్రశ్న వేసిందంటే ఆమె పని అయిపోయినట్టే.

గురువారమంతా బిగింపు. రాత్రికి రాత్రే కర్నూలులో లేతు పట్టించిన హెడ్డు పొద్దున్నే వచ్చింది. కొత్త గాస్కెట్టు పరిచి, హెడ్డు దించి, బోల్టులను నడిమి నుంచి అంచులకు, కొంచెం కొంచెంగా, ఒకదానికొకటి అసూయ పడకుండా బిగించాడు. వెనకవైపు కొత్త గైడ్లు, కొత్త చైన్లు. గుర్తుకు గుర్తు కలిపి, క్రాంకును చేత్తో తిప్పి, మళ్లీ గుర్తులు కలిశాయా లేదా చూశాడు. కలిశాయి. చైనును బిగించి ఉంచేది టెన్షనరు. అది నూనె ఒత్తిడితో పనిచేస్తుంది. కొత్తదానిలో ఇంకా నూనె లేదు. నూనె చేరేదాకా చైను కొంచెం సడలే ఉంటుంది. అప్పుడే ఇంజను అంటుకొని ఒక్కసారి ఉరికితే పన్ను జారే ప్రమాదం. అందుకని ముందు పెట్రోలు రాకుండా చేసి, ఉత్త స్టార్టరుతో తిప్పాలి. డ్యాష్‌బోర్డులో ఎర్ర నూనె దీపం ఆరాకే పెట్రోలు ఇవ్వాలి.

"ఇప్పుడు ఉత్తగ జర తిప్పి పెడతనన్నా, నూనె ఎక్కేదాక" అన్నాడు సాయంత్రం.

"వద్దొద్దు" అన్నాడు తిరుపతయ్య. "రేపు కాయ కొట్టిందాక తాళం ముట్టద్దు. ఉత్తగ తిప్పినా తిప్పినట్టే. పూజ చేసే అయ్యగారికి తెలిస్తే ముహూర్తం తప్పిందంటడు."

"అయితే రేపు ముందు ఉత్తగ తిప్పాలె, గుర్తుపెట్టుకో."

"నువ్వేనాయె తిప్పేది. నాకెందుకు గుర్తు?"

ఆ మాటతో జయపాల్ మనసు తేలికైంది. తలుపు తెరిచి, డ్యాష్‌బోర్డు పక్క మూత తీసి, పెట్రోలు పంపు ఫ్యూజు లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంటికి పోయాక దాన్ని నీలి చొక్కా జేబులోకి మార్చి పెట్టుకున్నాడు. గోరంత నీలి ప్లాస్టిక్ ముక్క. చొక్కా రంగే దానిది కూడా.

శుక్రవారం షెడ్డు ముందు నీళ్లు చల్లి ముగ్గు వేశారు. కారును గుంత మీదినుంచి తోసి, షెడ్డు లోపలే వీధి వైపు మొహం పెట్టి నిలిపారు. బానెట్టు మీద పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పూజారి చేతిగడియారం చూసుకుంటూ మంత్రాలు చదువుతున్నాడు. దశరథం చేతులు కట్టుకొని నిలబడ్డాడు, ఫోను జేబులో మోగినప్పుడల్లా భుజం ఎగరేస్తూ. జయపాల్ నీలి చొక్కాతో, తల దువ్వుకొని, డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు. పీటల మీదికి పిలిచేముందు పెళ్లికొడుకు నిలబడ్డట్టు ఉందని తనకే అనిపించి సిగ్గుపడ్డాడు.

తిరుపతయ్య దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "జయపాలూ, నువ్వు జర అవతల నిలబడు."

"ఎందుకన్నా?"

"పూజ గదా. మీకు గివి నడువయి. నిమ్మకాయలు తొక్కియ్యాలె, హారతి కండ్లకద్దుకోవాలె. నీకెందుకు ఇబ్బంది పాపం. మీ పాస్టరు గిట్ట చూస్తే ఏమనుకుంటడు?"

ఆ గొంతులో నిజంగానే దయ ఉంది. ప్రతి ఆయుధపూజకూ స్పానర్లన్నీ కిరోసిన్‌తో కడిగి వరుసగా పేర్చేది జయపాలే. కొబ్బరిముక్కలు తిన్నాడు, హారతి పళ్లెం పట్టుకున్నాడు. ఇన్నేళ్లూ లేని ఇబ్బంది. ఇంతలో తిరుపతయ్య చేయి అతని మోచేతిని మెత్తగా పక్కకు నెట్టింది. ముట్టుకున్నాడు కదా, అనుకున్నాడు జయపాల్ వెర్రిగా. ముట్టుకొనే నెట్టాడు.

"శ్రవణ్, రా బిడ్డా, కూసో" అని తిరుపతయ్య, కౌంటరు చూసుకునే తన అల్లుడిని పిలిచాడు.

శ్రవణ్ కుమార్ కౌంటరు దగ్గర బల్లకు ఆనుకొని ఉన్నాడు. ఉలిక్కిపడ్డాడు. "నేనెందుకు మామా? జయపాలన్న ఉన్నడు గదా. ఆయనే..."

"నువ్వు కూసో. ఇంటోనివి."

తిరుపతయ్య తలుపు తెరిచి, సీటు మీది కవరును ఒక్క ఊపుతో లాగి చంకలో పెట్టుకున్నాడు. మీగడ రంగు తోలు తళుక్కుమంది. శ్రవణ్ జయపాల్ వైపు చూడకుండా వచ్చి కూర్చున్నాడు. బల్లకు ఆనుకున్నచోట అతని జీన్సు ప్యాంటు మీద అరచేయంత నూనె మరక ఉంది. ఎవరూ చూడలేదు. జయపాల్ చూశాడు.

కాయ ఒక్క దెబ్బకు పగిలింది. "తిప్పుర్రి" అన్నాడు పూజారి.

జేబులో ఫ్యూజు ఉంది. జయపాల్ చేయి దాని మీదికి పోయింది, గుండె నొప్పి వచ్చినవాడిలా. చెప్పాలి. ఒక్క మాట. ఫ్యూజు నా దగ్గరుంది, ఇప్పుడు ఉత్తగానే తిరుగుతుంది, కంగారు పడకండి. చెప్పలేదు.

స్టార్టరు తిరిగింది. మొదట పొడిపొడిగా, ఖాళీ డబ్బాలో గులకరాళ్లలా. శ్రవణ్ ఆపాడు, మళ్లీ తిప్పాడు. జయపాల్ కళ్లు మూసుకొని విన్నాడు. నూనె పంపు దాటింది. మెల్లగా పైకి ఎక్కుతోంది. మూడోసారి తిప్పేసరికి శబ్దం చిక్కబడింది, గొంతు తడిసినట్టు. టెన్షనరు నిండింది, చైను బిగిసింది. ఆ క్షణం ఇంజను మొదటి ఊపిరి. బయట నిలబడి విన్నా అది తనకే తెలిసింది, తాళం పట్టినవాడికి తెలియలేదు. అది ఎంత తియ్యగా ఉందో అంతే చేదుగా ఉంది.

"దీపమైతే ఆరింది మామా, గని అంటుకుంటలేదు" అన్నాడు శ్రవణ్. చెమట పట్టింది అతనికి.

"మల్ల తిప్పు."

తిప్పాడు. ఇంజను తిరిగింది, అంటుకోలేదు. పూజారి గడియారం చూసి ఆకాశం చూశాడు. దశరథం గొంతు సవరించుకున్నాడు. "ఏం తిరుపతయ్యా, కాయ మంచిగనే పలిగింది గదా. మరేంది అపశకునం?"

తిరుపతయ్య మొహం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, ముగ్గు అవతల నిలబడ్డ జయపాల్ మీద చూపు నిలిపాడు. "ఏం చేసినవ్‌రా?" అన్నాడు. ఇరవై ఏళ్లలో ఆ గొంతుతో ఆయన అలా అడగడం అదే మొదలు.

ఇంజనును కాపాడాను, అనుకున్నాడు జయపాల్. ఎవరైనా అడిగితే ఇదే జవాబు, అబద్ధం కాదు. ఫ్యూజు పెట్టి ఉంటే శ్రవణ్ పొడి ఇంజనునే అంటించి, ఉరికించి, చైనును జార్చేవాడు. నిన్ననే చెప్పాను కదా గుర్తుపెట్టుకొమ్మని. పైకి చెప్పడానికి ఎంత మంచి కారణం. దాని కింద, అంత దగ్గరగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా ఇంకో కారణం ఉంది. వాళ్లు తిప్పాలి, తిప్పి తిప్పి మొహాలు వాడాలి, అప్పుడు నన్ను పిలవాలి. రెండింటికీ కలిపి ఒకటే మూత. తిరుపతయ్య గట్టు మీద పెట్టమన్నప్పుడు ఆయన లోపల కూడా ఇలాగే ఉంటుందేమో. ఏది ముందు, ఏది వెనక ఆయనకు కూడా తెలియదేమో.

ముగ్గు తొక్కకుండా చుట్టి వచ్చి, తెరిచిన తలుపు పక్కన నేల మీద మోకాళ్లూనాడు. డ్యాష్‌బోర్డు పక్క మూత తీసి ఫ్యూజు నొక్కాడు. టక్కుమంది. అంతే పని. లేచేసరికి ప్యాంటు మోకాళ్ల మీద షెడ్డు నేలలోని నల్లటి జిడ్డు ముద్దలా అంటుకొని ఉంది. తలుపు అంచుకు రాసుకొని తొడ మీదికి కూడా పాకింది.

"ఇప్పుడు అంటుకుంటది" అన్నాడు.

శ్రవణ్ దిగిపోయాడు. "నువ్వే తిప్పన్నా. నాతోని అయితలేదు" అన్నాడు, అతని కళ్లలోకి ఇప్పుడే మొదటిసారి చూస్తూ.

"ఎవడో ఒకడు తిప్పుర్రయ్యా జల్ది" అన్నాడు దశరథం. "రాహుకాలం మీద పడుతుంది."

జయపాల్ కూర్చోబోయాడు. "ఆగాగు" అని తిరుపతయ్య అడ్డం వచ్చాడు. చంకలోంచి కవరు తీసి, విదిలించి, సీటు మీద పరిచి, అంచులు దోపడం మొదలుపెట్టాడు.

"మల్ల అదెందుకయ్యా?" దశరథం విసుక్కున్నాడు. "ఆడ టైము పోతుంది."

"మీ సీటు సార్. ఖరాబైతే మీరే..."

"నేనేమన్న చెప్పిన్నా నీకు కవరెయ్యమని? ఇప్పటిదాక మీ అల్లుడు ఊకెనే కూసున్నడు. మిరప బస్తాలేసుకపోతం దాంట్ల, సీటంట సీటు. కానియ్యి."

దశరథానికి జయపాల్ మీద ప్రేమేమీ లేదు. అతను అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకొని అటు తిరిగాడు. తిరుపతయ్య మాత్రం వంగినవాడు వంగినట్టే ఉండి, జయపాల్ వైపు చూడలేక, కవరు మూలను వేలితో రాస్తున్నాడు. ఆ మూలకు నల్లటి ఇన్సులేషన్ టేపు అంటించి ఉంది.

ఆ టేపు అంటించింది జయపాలే. పాన్‌గల్ కాంట్రాక్టరు బండి పని నాడు మూల చిరిగితే అంటించాడు. డాక్టరమ్మ బండి అయ్యాక సర్ఫు వేసి కడిగి ఆరేసిందీ తనే. ఎవరి కారు వచ్చినా పరిచింది ఈ ఒక్క కవరే. షెడ్డుది. మేకుకు వేలాడుతుండగా రోజూ చూశాడు. చూస్తూనే, ముఖాలు కూడా సరిగా గుర్తులేని కార్ల యజమానులను వరుసగా నిలబెట్టి ఇన్నేళ్లూ వాళ్లతో కొట్లాడాడు. ఎందుకంటే వాళ్లు వచ్చి పోతారు. ఈయన పోడు. ఎస్తేరును దవాఖానకు తీసుకుపోయిన చేతులివి. ఈ చేతులతో కొట్లాడితే రేపు పొద్దున ఎక్కడికి పోవాలి? తెలియక కాదు. తెలియనట్టు ఉంటే పని జరుగుతుందని.

తిరుపతయ్య లేచాడు. "గ్రీజు అయితదని..." అన్నాడు మెల్లగా. ఆయన చూపు జయపాల్ మోకాళ్ల మీద ఉంది. ఈసారి ఆయన మాట నిజమే. మోకాళ్ల నుంచి తొడ దాకా నల్లగా జిడ్డుంది.

జయపాల్ వంగి కవరు అంచులు బయటికి లాగాడు. దులిపి, టేపున్న మూల లోపలికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టాడు, పెట్టెలో దాచే చీరను మడిచినంత నిదానంగా. తిరుపతయ్య చేయి గుంత గట్టు వైపు చూపించబోయింది. జయపాల్ ఆ చేతిని పట్టుకొని, అరచేయి పైకి తిప్పి, కవరు అందులోనే పెట్టాడు.

తర్వాత, ఆ ప్యాంటుతోనే, మీగడ రంగు సీటు మీద కూర్చున్నాడు.